రోట్లో పచ్చగాజులు

"చూడప్పా, నీ కండ్లతో నువ్వే చూడు. నేను చెప్తే ముసిల్ది చాడీలు చెప్తాండాది అంటారు. ఇదో రోలు, ఇదో పొడి. ఇంగ నేనేం మాట్లాడను."

మాట్లాడనన్న మనిషి పొద్దు పొడిచినప్పటి నుంచీ మాట్లాడుతూనే ఉంది. వసారా మూలనుండే రాతిరోలును తిప్పమ్మ ఒక్కతే ఎట్లా దొర్లించిందో దేవుడికే తెలియాలి. దాన్ని వాకిలి నడిమధ్యకు తెచ్చి, కోర్టులో సాక్షిని నిలబెట్టినట్టు నిలబెట్టి, పక్కనే చతికిలబడింది. పొయ్యి ముట్టించలేదు. సంగటి కెలకలేదు. రోటి గుంటలో అంటుకున్న ఆకుపచ్చని పొడి మాత్రం ఎండకు తళతళలాడుతోంది.

మారుతి వాకిట్లో నిలబడి రోటివంక చూశాడు. బెంగుళూరు నుంచి హిందూపురం, అక్కడి నుంచి చిలమత్తూరు, అక్కడి నుంచి ఊరికి వచ్చే ఒకే ఒక్క బస్సు. రెండేళ్ల తర్వాత సొంత గడప ముందు నిలబడ్డవాడు చెప్పులైతే విప్పాడు గానీ భుజానికున్న బ్యాగు దించలేదు. అందులో బంగారమేమీ లేదు, ఒక లుంగీ, ఒక తువ్వాలు.

కాళ్లకు నీళ్లు తెచ్చిన చంద్రిక చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాచాయి. తీరా మొగుడు ఎదురుగా వచ్చి నిలబడితే ఏం చేయాలో తోచలేదు.

"ఏమప్పా, చూస్తివా? గాజులు!" తిప్పమ్మ రోటి అంచు మీద చేత్తో చరిచింది. "సంతలో గాజులమ్మే వాళ్ల బండ్ల కింద పడుండే ముక్కలన్నీ కొంగున మూట గట్టుకోనొచ్చి ఈ రోట్లో ఏసి దంచింది. మొగుడు గుండ్రాయి మాదిరి బతికుండంగా యా ఆడదన్నా గాజులు దంచుతాదా? అందులోనూ పచ్చగాజులు!"

"నా చేతి గాజులు కాదు గదవ్వా," అంది చంద్రిక.

"ఎవురి చేతివైతే ఏమే? గాజు గాజే. నా కొడుకు అంత దూరాన లారీల నడుమ పడి బతుకుతాండాడు. వానికేమన్నా అయితే?"

చంద్రికను కన్నది తిప్పమ్మ కూతురే. అంటే చంద్రిక కట్టుకున్నది సొంత మేనమామను. కాబట్టి తిప్పమ్మ ఆమెకు అవ్వా అవుతుంది, అత్తా అవుతుంది. ప్రేమ పుట్టినప్పుడు అవ్వ, కోపం పుట్టినప్పుడు అత్త. ఈ వారమంతా ఇంట్లో అత్తే ఉంది. అంగడి దగ్గరి కాయిన్ బాక్సు దాకా నడిచిపోయి, పక్కింటి బయమ్మ చేత బెంగుళూరుకు ఫోను చేయించి, "నీ పెండ్లాం నీ ఆయుస్సును రోట్లో ఏసి దంచుతాండాది, ఎట్లుండేవానివి అట్లే రా" అని చెప్పించింది కూడా ఆ అత్తే.

మారుతి చంద్రిక వైపు తిరిగాడు.

"నిజమేనా?"

"ఏంది?"

"గాజులు."

"నిజమే."

"యాల?"

"పూతకు."

ఆ మాట రాగానే మారుతి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ ఇంట్లో అది అనకూడని మాట. రెండేళ్ల కిందట ఈ మొగుడూ పెళ్లాలను విడదీసింది సవతీ కాదు, సారా కాదు, ఆ పూతే.

చెరువు ఎండి, కుండలు కొనే ఇళ్లలోకి ప్లాస్టిక్ బిందెలు చేరిన రోజుల్లో ఒక సేవాసంస్థ వాళ్లు ఊరి బయట రేకుల షెడ్డు వేసి, ఇటుకలతో కుండలు కాల్చే నిలువెత్తు ఆవం కట్టించారు. మట్టికుండకు గ్లేజు వేస్తే, అంటే గాజులా మెరిసే పూత పూసి కాలిస్తే, పట్నంలో ఆదరణ ఉంటుందన్నారు. కొన్నాళ్లు నేర్పి, వచ్చినట్టే వెళ్లిపోయారు. సారె, అంటే కుమ్మరి చక్రం, తిప్పి కుండ చేసేది మారుతి. పూత కలిపేది చంద్రిక. మొదటి ఆవం తీస్తే పూత కారిపోయి కుండలు కింది పలకలకు అతుక్కున్నాయి. రెండో ఆవంలో పూత పాము కుబుసంలా ఊడింది. చెయ్యి తిరిగిన వాడు చేసిన ఆ రెండు ఆవాల కుండలన్నీ పెంటకుప్ప చేరాయి.

ఆ రోజు ఇద్దరూ అనుకున్న మాటలన్నీ మళ్లీ ఇక్కడ ఎందుకు, చివరి మాట ఒకటి చాలు. "నీ పూత నిలిచిన దినం కబురు పంపు, వస్తా" అని మారుతి బ్యాగు భుజానికేసుకున్నాడు. పోయినవాడు దాన్ని వెటకారంగా అన్నాడు. ఇంట్లో ఉండిపోయిన మనిషి దాన్ని ఒట్టులా పట్టుకుంది.

"అయితే పూత నిలిచిందా?" అన్నాడు మారుతి ఇప్పుడు.

"రేప్పొద్దున తెలుస్తాది. నిన్న కాల్చినా. ఆవం చల్లారతాండాది."

"నిలిచినాక గదా కబురు పంపమంటి."

"నేను పంపల్యా. అవ్వ పంపింది." చంద్రిక చెంబు కింద పెట్టింది. "పోయినేడు జరమొచ్చి లేవలేక పడుంటి. ఫోను చేయిస్తే లీవు లేదంటివి. ఉగాదికి రాకపోతివి, దసరాకు రాకపోతివి. ఇప్పుడు గాజులు దంచినానని పరిగెత్తుకోనొస్తివే! ఇది ముందే తెలిసుంటే రెండేండ్ల కిందనే దంచి ఉందును గదా మామా."

మారుతి వంగి చెంబు అందుకున్నాడు. కాళ్ల మీద పోసుకోబోయి, సగమే పోసుకుని, మిగిలిన నీళ్లు గోడవారన కరివేపాకు మొక్కకు పోశాడు. కొళాయి నీళ్ల ఊర్లో రెండేళ్లున్నా ఆ అలవాటు పోలేదు. చంద్రిక అది చూసింది. చూసి, కళ్లు దించుకుంది.

అతనికి ఇంకో అనుమానం అప్పుడే పుట్టింది.

"నిన్న కాల్చిన కుండలు ఎవరు చేసినవి?"

చంద్రిక రోటి అంచున అంటిన పొడిని కొంగుతో తుడవసాగింది.

"అడుగుతాండేది నిన్నే. ఈ ఊర్లో సారె తిప్పేవాడు ఇంగెవడూ లేడు. మరి కుండలు యాడివి? సారె ముట్టినావా?"

తిప్పమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. కుమ్మరి ఇళ్లలో ఆడవాళ్లు మట్టి తొక్కుతారు, కుండ చరుస్తారు, ఎర్రమట్టి పూసి గులకరాయితో నున్నగా రుద్దుతారు, ఆవం పేరుస్తారు, బూడిద ఎత్తుతారు. సారె మాత్రం ముట్టరు. ముడితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ ముట్టి చూడలేదు.

"నన్నడిగేదెందుకు?" అంది చంద్రిక. "పోయి చూసుకో."

*

ఊరి చివర షెడ్డు రేకులు మధ్యాహ్నపు ఎండకు కాగుతున్నాయి. చుట్టూ సర్కారు కంప తప్ప ఇంకో పచ్చని చెట్టు లేదు. ఆ ఏడు చెనక్కాయ విత్తిన చేలు విత్తినట్టే ఉన్నాయి, మొలక లేదు. షెడ్డు వెనక భాగమంతా ఆవమే. దాని గోడల మీద చెయ్యి పెడితే ఇంకా కాక తగులుతోంది.

మారుతి ఆవం వైపు చూడకుండా నేరుగా సారె దగ్గరికి పోయాడు. దాని మీద గోనెపట్టా కప్పి, తాడుతో కట్టి ఉంది. తాడు ముడి అతను వేసిందే. ఎడమచేతి వాటం ముడి, ఇంట్లో ఇంకెవరికీ రాదు. దాని మీద దుమ్ము పేరుకుని గట్టిపడింది. సాలెపురుగు ఒకటి ముడికీ గోడకూ మధ్య సంసారం పెట్టుకుంది.

మారుతి దాని ముందు చతికిలబడి ఆ ముడి మీది దుమ్మును వేలితో తుడిచాడు. తాను అన్న మాటకు సిగ్గుపడ్డాడో, తన సారెను చూసి దిగులుపడ్డాడో అతనికే తెలియదు.

"ముట్టలేదు," అన్నాడు చివరికి.

"ముట్టలేదని నేను గుడక చెప్పొచ్చు. నువ్వు నమ్మొద్దా?"

"మరి కుండలు?"

చంద్రిక గోడవారనున్న పలకల వైపు చూపించింది. పలకల నిండా పెంకులు. ఒక్కో పెంకు మీద ఒక్కో పూత. ఒకటి బూడిద రంగులో గరుకుగా ఉంది. ఒకటి పొంగి బొబ్బలెత్తింది. ఒకటి నున్నగానే ఉంది గానీ మధ్యలో విరిగి వెనక్కి ముడుచుకుంది.

"ఇది చెనక్కాయ పొట్టు బూడిదతో చేసింది. మెరుపే రాలేదు. ఇది కంప బూడిద. ఇది సున్నం ఎక్కువయ్యి ఉడికిపాయె. పోయిన నెలలో సంతకు పోతే గాజుల బండి కింద ముక్కలు ఎండకు మెరుస్తాండాయి. గాజు మెరుపే గదా నాకు కావాల్సింది, దాన్నే కరిగిస్తే సరిపోతాదని ఏరుకొస్తి. చూడు, ఇదే మొదటిది." ఆమె ఒక చిన్న పెంకు ఎత్తింది. అంచున గోరంత జాగాలో ఆకుపచ్చని మెరుపు నిలిచి ఉంది. మిగతాదంతా కారిపోయింది. "గోరంత నిలిచింది మామా. గోరంత నిలిస్తే కొండంత నిలుస్తాది గదా?"

మారుతి పెంకును అందుకున్నాడు. పైనున్న పచ్చదనాన్ని చూడలేదు. కుమ్మరివాడు కుండను ఎప్పుడూ లోపలి నుంచే చూస్తాడు. బొటనవేలితో లోపలి వైపు తడిమాడు. అతని వేలు అక్కడే ఆగింది.

కుండ లోపల వేళ్ల గీతలుంటాయి. అవి అందరి కుండల్లోనూ ఉంటాయి. మారుతి చూపుడువేలి గోరు మాత్రం చిన్నప్పుడు దెబ్బ తగిలి నిలువునా చీలింది, మళ్లీ కలవలేదు. అందుకే అతను చేసిన ప్రతి కుండలోనూ ఒక గీత ఉండాల్సిన చోట రెండు గీతలు జంటగా నడుస్తాయి.

"ఇది నా కుండ."

"ఊ."

అతను ఇంకో పెంకు తీశాడు. ఇంకోటి తీశాడు. "ఇదీ నాదే. ఇదీ."

"అన్నీ నీవే. నువ్వు పోయేనాటికి అటక మీద అమ్ముడుపోకుండా ఉన్నివి గదా, వాటినే తీసుకోనొచ్చి పూస్తాంటి. ఒకసారికి కొన్ని."

మారుతి మొహం ఎర్రబడింది. "నా చేతి పనంతా తెచ్చి ఇట్ల పెంకులు చేస్తివా? కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు పెద్దోళ్లు. నేను ఏండ్ల తరబడి చేసింది నువ్వు తగలబెడితివి!"

"తగలబెట్టక? అటక మీద పెట్టి పూజ చేయమంటావా?" చంద్రికకూ కోపం వచ్చింది. "మనిషి లేడు. మనిషి చేసిన కుండలుండాయి. వాటిని చూసుకుంటా కూసోవాల్నా? పూత పుయ్యాలంటే కుండ లోపల చెయ్యి పెట్టి తిప్పల్ల. లోపల నీ వేళ్ల గీతలుంటాయి. వాటి మీద నా వేళ్లు పెట్టుకోని..."

ఆమె ఆపేసింది. ఆపినా మాట పూర్తయినట్టే ఉంది. మారుతి చేతిలోని పెంకును నెమ్మదిగా పలక మీద పెట్టాడు.

"ఇంగెన్ని ఉండాయి?" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

"ఆవంలో ఉండేవే. అటక ఖాళీ."

బయట ఎక్కడో గొర్రెలు అరిచాయి. ఇద్దరూ ఆవం గోడవంక చూశారు. అందులో ఉన్నవి కాకుండా మారుతి చేతి కుండ ఈ లోకంలో ఇంకెక్కడా కుండగా మిగల్లేదు. కొన్నవాళ్ల ఇళ్లలో పగిలినవి పోగా, పగలనివాటిలో మేకలు కుడితి తాగుతున్నాయి.

"చంద్రీ," అన్నాడు మారుతి. రెండేళ్లుగా ఆమెను అట్లా పిలిచినవాళ్లు లేరు. "నాతో రా. ఈ బస్సు హిందూపురం పోయి మూడింటికి మళ్లా ఈడికే వస్తాది. దానికే పోదాం. రూము చూసినా. చిన్నదే, కానీ లోపలే కొళాయి ఉండాది. తిప్పితే నీళ్లొస్తాయి. బోరింగు కాడ బిందె పెట్టుకోని నిలబడే పనే లేదు. అమ్మను గుడక నెల దాటినాక పిలుచుకుందాం."

చంద్రిక గోడకు చేరగిలబడింది. కొళాయి సంగతి కాదు. 'నాతో రా' అన్న రెండు మాటల కోసం ఆమె ఎన్ని పొద్దులు పొయ్యి ముందు కూర్చుని పిచ్చిదానిలా తనలో తాను మాట్లాడుకుందో ఎవరికీ చెప్పలేదు. ఆ మాటలు ఇప్పుడు వచ్చాయి. వచ్చిన వేళే బాగాలేదు.

"రేప్పొద్దున పోదాం మామా. ఆవం తీసి, చూసి పోదాం."

"రేప్పొద్దున నేను గోడౌన్లో ఉండాల. ఒక దినం లీవు ఇయ్యడానికే శెట్టి నానా మాటలనె."

"ఒక్క పూట."

"ఏముందే ఆ ఆవంలో? పగిలేవి పగుల్తాయి, కారేవి కార్తాయి. నువ్వు చూసినా చూడకపోయినా."

"అందులో ఉండేది నువ్వు గదా!"

"నేను ఈడ నిలబడుకోని ఉండా!" మారుతి అరిచాడు. "నీ ముందర, నిలువునా, మనిషిని నిలబడుకోని ఉంటే, నేను ఆడుండానంటావేందే?"

నిజమే, మనిషి ఎదురుగా ఉన్నాడు. చెమట పట్టిన మెడ, బ్యాగు పట్టీ కింద నలిగిన చొక్కా, చీలిన గోరు. చెయ్యి చాపితే అందుతాడు. అయినా ఆమె మనసు ఇటుకల వెనక ఉన్న కుండల చుట్టూ తిరుగుతోంది. లేని మనిషిని ప్రేమించడం రెండేళ్లలో అంతగా అలవాటైపోయింది కాబోలు. తనమీద తనకే భయం వేసింది.

మారుతి కాసేపటికి చల్లబడ్డాడు. ఆవం గోడను చూస్తూ, ఎవరితోనో చెప్పినట్టు చెప్పాడు.

"నేనాడ ఏం చేస్తానో తెలుసునా? టైల్సు మోస్తా. పెట్టెలకు పెట్టెలు. ఒకదాన్ని మించి ఒకటి నిగనిగలాడతాయి. నువ్వు ఏ పూత కోసం సస్తాండావో అది నా వీపు మీద దినామూ ఎక్కి దిగుతాంటాది. ఒకనాడు ఏమీ తోచక ఒక బిళ్ల తిరగేసి వెనక తడిమినా. ఎవరి వేలి గుర్తూ లేదు. ఒక్క దాని మీద గుడక లేదు."

చంద్రిక అతని దగ్గరికి ఒక అడుగు వేసింది. సరిగ్గా అప్పుడే తిప్పమ్మ వచ్చింది.

*

తిప్పమ్మ చేతిలో పళ్లెం ఉంది. సంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిమిండి. అత్త మీద కోపం దుత్త మీద చూపించే కోడళ్లను లోకం చూసింది గానీ, కోడలి మీద కోపంతో పొయ్యి ముట్టించని తిప్పమ్మ కొడుకు ఆకలి తలుచుకుని ముట్టించుకోవాల్సి వచ్చింది.

"తినిపో నాయనా. అది తిన్యా తినకపాయె." అంటూనే పళ్లెంలో రెండు ముద్దలు పెట్టుకొచ్చింది.

ఎవరూ పళ్లెం అందుకోలేదు. తిప్పమ్మ ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏంటికట్లుండారు? గాజుల దోషం గురించేనా? దానికి నేను విరుగుడు చేసినాలే. భయపడాకండి."

"ఏం విరుగుడవ్వా?" అంది చంద్రిక.

"నిన్న ఆవం మంట మీదుండంగా నువ్వు కట్టెలకని పోతివి గదా. అప్పుడు ఉప్పు, మిరక్కాయలు ఆవానికి మూడుసుట్లు తిప్పి, పొయ్యి నోట్లో ఏసినా. నా కొడుకు పేరు చెప్పి మరీ దిష్టి తీసినా."

చంద్రిక చటుక్కున అవ్వ వైపు తిరిగింది. "ఉప్పా? ఎంత?"

"పిడికెడు ఉప్పుకు పోయే దోషమా ఇది? బానలో ఉన్నదంతా ఏసినా. సిటపటా సిటపటా, ఎంత పొగ లేసెననుకుంటివి! ఊరి కండ్లన్నీ పేలినట్టు పేలె."

"అవ్వా, ఎంత పని చేస్తివే!" చంద్రిక నేల మీద కూలబడింది. గాజుపొడి ఎంత, బూడిద ఎంత, మట్టి ఎంత అని ఎన్ని పెంకులు పాడుచేసుకుని ఒక లెక్కకు వచ్చిందో ఆమెకే తెలుసు. ఆ లెక్కలో ఉప్పు లేదు. ఉప్పు పొగ తగిలితే పూత ఏమవుతుందో ఆమెకు నేర్పినవాళ్లు చెప్పలేదు. "చివరి కుండలే! ఇంగ లేవే! ఏడ తెద్దును?"

"నా కొడుకు కంటే ఎక్కువా కుండలు?"

"నీ కొడుకు కుండలేనే అవి!"

తిప్పమ్మకు అది అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక పళ్లెం సారె పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్న కాసేపటికే, "నాకు ముందే చెప్పింటే..." అని ఏదో గొణిగింది.

దూరంగా చెరువు కట్ట మలుపులో దుమ్ము లేచింది. బస్సు వస్తోంది. ఊర్లో బస్సు ఆగే రాయికీ ఈ షెడ్డుకూ మధ్య ఒక పిలుపు దూరం.

మారుతి బ్యాగు పట్టీ సర్దుకున్నాడు. "చంద్రీ, లేయ్. అయిందేదో అయింది. పూత పోతే పోనీ. ఇదే మంచిదనుకో. ఇంగ ఈడ మనకేముండాది?"

ఆమె లేచింది. కానీ బస్సు వైపు పోలేదు.

ఆవం గోడలో గుండెల ఎత్తున ఒక కంత ఉంటుంది. మంట రంగు చూడడానికి. దానికి ఇటుక అడ్డం పెట్టి మట్టితో మెత్తుతారు. చల్లారే దాకా దాన్ని తీయకూడదు. వేడి మీదున్న కుండలకు చల్లగాలి తగిలితే చిట్లిపోతాయి. కుమ్మరి ఇంట పుట్టిన పిల్లకు ఇది నడక రాకముందే తెలుస్తుంది. చంద్రికకు తెలుసు. తెలిసే, కొంగు చేతికి చుట్టుకుని ఇటుకను పట్టి లాగింది.

"ఏయ్!" అన్నాడు మారుతి.

"ఒక్కసారి చూడు మామా. ఒక్కసారి. నిలిచిందో లేదో చూసి, నీ ఇష్టం. పగిల్తే పగల్నీ. నువ్వు చూడకుండా పోతే అవి బాగుండి నాకేం లాభం?"

ఇటుక కింద పడింది. చంద్రిక పలక మీదున్న అద్దం ముక్కను తీసి, ఎండను పట్టి కంతలోకి వేసింది. చీకట్లోకి వెలుగు పోయింది.

ఎదురుగా ఒక కుండ. భుజాల మీద ఆకుపచ్చ, చెరువు నిండిన ఏడు నీళ్ల మీద కనిపించే పచ్చదనం లాంటిది. అది కారలేదు, ఊడలేదు, నిలిచింది. దాని పైన మెడ భాగంలో చంద్రిక ఏ పూతా పూయలేదు, ఎర్రమట్టి రుద్ది వదిలేసింది. ఆ మెడ కూడా మెరుస్తోంది. తేనె రాసినట్టు, లేత ఎరుపులో, ఆమె ఎన్నడూ చూడని మెరుపు.

"ఉప్పు," అంది చంద్రిక. "అవ్వ ఉప్పు. మామా, చూడు, చూడు!"

మారుతి చూశాడు. ఎంతసేపు చూశాడని అడిగితే రెప్పపాటు. అతని కళ్లు పచ్చదనం మీద పడ్డాయి, ఎరుపు మీద పడ్డాయి, ఆ లోపలే చెవి పక్క నుంచి గాలి సర్రున కంతలోకి పోవడం అతనికి తగిలింది.

"బుద్ధుందా నీకు? కుమ్మరోని పెండ్లానివి, చల్లారకుండా తీస్తావా?"

అతను కింద పడిన ఇటుకను ఎత్తాడు. ఉత్త చేత్తో ఎత్తాడు. కాలింది. "అబ్బా" అన్నాడు గానీ వదలలేదు. కంతలో పెట్టి నెట్టాడు. చుట్టూ సందులున్నాయి. కాలి దగ్గర మెత్తడానికి కలిపిన మట్టి తట్టలో మిగిలి ఉంది, మీద నీళ్లు తేలుతున్నాయి. గుప్పిళ్లతో తీసి, ఇటుక చుట్టూ మెత్తి, కుడి అరచేతిని దాని మీద అదిమి పెట్టాడు. రెండేళ్లకు అతని చేతికి మట్టి అంటింది.

వేడి ఇటుక మీద తడిమట్టి పట్టదు. చెయ్యి తీయబోతే పెళ్ల వచ్చేస్తోంది. మళ్లీ అదిమాడు.

బస్సు రాయి దగ్గర ఆగి హారన్ కొట్టింది.

"బస్సొచ్చెనప్పా," అంది తిప్పమ్మ.

మారుతి ఎడమచేత్తో ఇంకో గుప్పెడు మట్టి తీసి మెత్తాడు.

హారన్ ఇంకోసారి కొట్టింది. డ్రైవరుకు తెలుసు, పొద్దున దిగినవాడు ఒకడు ఎక్కాలి. చంద్రిక మొగుడి మొహం చూడలేక అతని చెయ్యి వైపు చూసింది. మట్టి వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చి, వేడికి అంచుల్లో తెల్లగా ఆరుతోంది. చీలిన గోరు మట్టిలో మునిగిపోయింది.

"చెయ్యి కాల్తాండాదా?" అంది.

"కాల్తాండాది."

"తీసెయ్ మామా. బస్సు పోతాది."

"తీస్తే రాల్తాది."

బస్సు బయలుదేరింది. దుమ్ము షెడ్డు దాకా వచ్చి పలకల మీదున్న పెంకుల మీద పరుచుకుంది. ముగ్గురూ ఆ చప్పుడు సన్నగిల్లే దాకా విన్నారు.

"రేప్పొద్దున మొదటి బస్సుకు పోతా," అన్నాడు మారుతి, ఇటుకతో చెప్పినట్టు. ఆవం తీసేది ఆ బస్సు పోయిన తర్వాతే. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

చంద్రిక అతని వెనకగా వచ్చి, భుజం మీది బ్యాగు పట్టీని పట్టుకుంది. దించుదామనుకుంది. పట్టీ కుడి భుజానికుంది, కుడి చెయ్యి ఆవానికుంది. బ్యాగు దించాలంటే ఆ చెయ్యి తీయాలి. ఆమె పట్టీని పట్టుకుని అట్లాగే నిలబడింది.

అప్పుడు ఆవం లోపలి నుంచి 'టింగ్' మని వినిపించింది.

పూత చల్లారి బిగుసుకునేటప్పుడు అట్లాంటి చప్పుడే వస్తుంది. కుండ పగిలినా అట్లాంటి చప్పుడే వస్తుంది.

"ఏందది?" అంది తిప్పమ్మ.

మారుతి తల వంచి చెవిని గోడకు ఆనించాడు. లోపల మళ్లీ మోగింది.